మహారఠి నాణేలు: చెలిమికి సాక్ష్యమా, చలామణీకి గుర్తా?

అదొక సీసపు నాణెం. బొమ్మవైపు మూపురం ఎత్తి నిలబడ్డ ఎద్దు, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో 'సదకణ కలలాయ మహారఠి' పేరు. బొరుసువైపు కంచెలో చెట్టు, దాని పక్కన వంపుల మీద వంపులు పేర్చినట్టుండే కొండ గుర్తు. ఈ రకం నాణేలు చిత్రదుర్గం ప్రాంతంలో దొరికి, వందేళ్లకు పైగా చరిత్రకారుల చేతుల్లో నలుగుతున్నాయి. మహారఠి బిరుదున్న సీసపు నాణేలు కృష్ణ ఒడ్డున, పాత కర్నూలు జిల్లాలోని వీరాపురం తవ్వకాల్లోనూ బయటపడ్డాయి. శాతవాహనుల నాణేలూ అక్కడే దొరికాయి.

ఒకే ఊళ్లో రెండు అధికారాల నాణేలు కనిపిస్తే ఆ రెండింటి మధ్య సంబంధం ఏమిటి? మహారఠులు శాతవాహనులకు సామంతులా, మిత్రులా, వియ్యంకులా, లేక వాళ్లకంటే ముందే ఈ నేలను ఏలినవాళ్లా? నాలుగు జవాబులూ అచ్చులో ఉన్నాయి. నాలుగింటికీ చూపే ఆధారం మాత్రం అవే నాణేలు. చర్చ చిక్కుపడింది ఇక్కడే. ఒక పుస్తకంలో 'సామంతుడు' అన్న మహారఠి, మరో పుస్తకంలో 'మిత్రుడు' అవుతాడు. మధ్యలో కొత్త ఆధారం వచ్చిందా అంటే, చాలాసార్లు రాలేదు. పాత నాణేన్నే కొత్తగా చదివారు.

ఆ చదువుల్లో ఏది ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడు లెక్క చూసుకోవాల్సి ఉంది. ఈ వ్యాసం చూపు ముఖ్యంగా కర్నూలు, కడప సీమ మీద. అవసరమైనచోట కోస్తాకూ, తెలంగాణకూ, పడమటి కనుమలకూ వెళ్లి వస్తుంది.

వాదం ఎలా మొదలైంది

దక్షిణాది నాణేలను శాస్త్రీయంగా వర్గీకరించే పని పంతొమ్మిదో శతాబ్దంలో ఊపందుకుంది. వాల్టర్ ఇలియట్ గ్రంథం 1886లో వచ్చింది. భగవాన్‌లాల్ ఇంద్రజీ పడమటి గుహల శాసనాలనూ నాణేలనూ కలిపి చదవడం మొదలుపెట్టాడు. ఆ పనినంతా ఒక్కచోట చేర్చింది 1908లో బ్రిటిష్ మ్యూజియం తరఫున ఇ.జె. రాప్సన్ తెచ్చిన జాబితా. ఆంధ్ర వంశం, పశ్చిమ క్షత్రపులు, త్రైకూటకుల నాణేలకు నేటికీ అదే తొలి మెట్టు. నాణేలను దొరికిన ప్రాంతాన్ని బట్టి వేరుచేయాలని గట్టిగా చెప్పినవాడు రాప్సన్. అనంతపురం, కడప ప్రాంతాల గుర్రపు బొమ్మ సీసపు నాణేలను ఒక గుంపుగా, చిత్రదుర్గం నాణేలను మరో గుంపుగా, కోరమండల్ తీరపు ఓడ బొమ్మ నాణేలను ఇంకో గుంపుగా చూడటం అలా అలవాటైంది.

రాప్సన్ మరో పని కూడా చేశాడు. చిత్రదుర్గం నాణెం మీది మహారఠిని పడమటి కనుమల్లోని నానేఘాట్ గుహలో కనిపించే మహారఠి త్రణకయిరోతో ముడిపెట్టాడు. నానేఘాట్ కనుమలో శాతవాహన రాచకుటుంబం ప్రతిమలుండేవి. ప్రతిమలు పోయినా వాటిమీది పేర్లు మిగిలాయి. రాజు సిముక శాతవాహనుడు, దేవి నాయనిక, శ్రీశాతకర్ణి, కుమారులు; వాళ్ల వరుసలోనే మహారఠి త్రణకయిరో. అతను రాణి నాయనికకు, అంటే నాగానికకు తండ్రి అని పండితుల నిర్ణయం. రాజుల వరుసలో పిల్లనిచ్చిన మామకు ప్రతిమ దక్కిందంటే ఆ వియ్యం బరువు ఎంతో తెలుస్తుంది. ఇంతవరకు ఆధారం గట్టిది.

ముడి మాత్రం బిగియలేదు. చిత్రదుర్గం నాణెం మీది పేరు కలలాయ, గుహలోని పేరు త్రణకయిరో. రెండూ ఒకే మనిషివని చెప్పడానికి బిరుదు తప్ప మరో గట్టి ఆధారం లేదు. ఆ బిరుదు తరతరాలుగా చాలామంది పెట్టుకున్నదే. అయినా 'మహారఠి అంటే శాతవాహనుల వియ్యంకుడు' అన్న భావన అక్కడినుంచి పాతుకుపోయింది. తర్వాత మహారఠి నాణెం ఎక్కడ దొరికినా దాని వెనక ఒక పెళ్లినో, ఒక ఒప్పందాన్నో ఊహించడం పరిపాటైంది.

గ్రీకు నగరాలు నేర్పే జాగ్రత్త

నాణెంలో స్నేహాన్ని చదివే పద్ధతి పుట్టింది గ్రీకు నాణేల అధ్యయనంలో. అక్కడ ఆ పద్ధతి ఎంతవరకు పనికొచ్చిందో చూస్తే మన చర్చకు మేలు.

దానికి అన్నిటికంటే బలమైన ఉదాహరణ క్రీ.పూ. 400కు కొద్ది ఏళ్లు అటూ ఇటూగా ఏజియన్ తూర్పు తీరంలో వచ్చిన వెండి నాణేలు. రోడ్స్, ఎఫెసస్, సేమోస్, నిడోస్, ఇయాసోస్, బైజాంటియం, సిజికస్, లాంప్సకస్ నగరాలు ఒకే బొమ్మతో నాణేలు వేశాయి. బొమ్మవైపు పసివాడైన హెరాక్లిస్ రెండు పాముల గొంతు నులుముతుంటాడు. అతని పక్కన 'సిన్' అన్న మూడు గ్రీకు అక్షరాలు. సైనిక మైత్రి అనే అర్థమున్న 'సిమ్మఖియా'కు అవి పొడి అక్షరాలని సాధారణ అభిప్రాయం. బొరుసువైపు ఎవరి గుర్తు వారిదే: రోడ్స్‌కు గులాబీ, ఎఫెసస్‌కు తేనెటీగ, సేమోస్‌కు సింహపు ముఖం. బరువు కొలత కూడా అన్నిటికీ ఒక్కటే. బొమ్మ, మాట, బరువు మూడూ కలిసినచోట మైత్రి ఉందనడానికి ఎవరూ వెనకాడరు.

అంత స్పష్టమైన నాణెం కూడా చెప్పని సంగతులున్నాయి. ఈ కూటమి గురించి ఏ గ్రీకు చరిత్రకారుడూ రాయలేదు. అది ఎవరికి వ్యతిరేకంగా కట్టింది? స్పార్టా సేనాని లిసాండర్ విజయం తర్వాత ఏథెన్సుకు వ్యతిరేకంగా క్రీ.పూ. 405-404లో అని ఒక వాదం. నిడోస్ యుద్ధంలో స్పార్టా ఓడాక, క్రీ.పూ. 394లో స్పార్టాకే వ్యతిరేకంగా అని మరో వాదం. ఇంకా తర్వాతదని అన్నవారూ ఉన్నారు. శత్రువెవరో తేలని మైత్రి అది. నాణెం చేతులు కలిపారని చెప్పింది, ఎందుకు కలిపారో చెప్పలేదు.

రెండో ఉదాహరణ ఇంకా హెచ్చరిక లాంటిది. దక్షిణ ఇటలీలో క్రోటన్ నగరపు ముక్కాలి పీట గుర్తు ఒకవైపు, సిబారిస్ ఎద్దు మరోవైపు ఉన్న నాణేలు దొరికాయి. మొదట వీటిని మైత్రి నాణేలన్నారు. కానీ క్రీ.పూ. 510లో సిబారిస్‌ను నేలమట్టం చేసింది క్రోటనే. ఆ తర్వాత మిగిలిన జనం మీద క్రోటన్ పెత్తనానికి గుర్తుగా ఈ నాణేలను చదివినవారు ఉన్నారు. రెండు గుర్తులు పక్కపక్కన ఉన్నంత మాత్రాన అవి చేతులు కలిపినట్టు కాదు. ఒకటి రెండోదాని మెడ మీద కాలు పెట్టి ఉండొచ్చు.

ఇటీవలి దశాబ్దాల్లో ఈ రంగంలో గాలి మారింది. నాణెం వేయడానికీ సార్వభౌమత్వానికీ అంత బిగువైన సంబంధం లేదని థామస్ మార్టిన్ 1985లో వాదించాడు. ఎమిలీ మాకిల్, పీటర్ వాన్ ఆల్ఫెన్ 2006లో 'సహకార నాణేలు' అన్న మాటను ముందుకు తెచ్చారు. నగరాలు ఒకే రకం నాణెం వేయడానికి రాజకీయ మైత్రికంటే ముందు సంత, సుంకం, సైన్యపు జీతం, మారకపు ఖర్చు కారణాలు కావచ్చని వారి మాట. ఈ మాట మన సీసపు నాణేలకు బాగా అతుకుతుందని నా అభిప్రాయం. కారణం ముందుముందు వస్తుంది.

సీమ నేల మీద ఉన్న ఆధారాలు

మహారఠుల కథ కర్నూలు ప్రాంతంలో నాణేలకంటే ముందే మొదలవుతుంది. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లాలో ఉన్న ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి చిన్న శాసనంలో రాజుకుడనే అధికారికి ఒక ఆజ్ఞ ఉంది. జానపదులకూ 'రఠికుల'కూ ధర్మాన్ని తెలియజెప్పాలని దాని సారం. క్రీ.పూ. మూడో శతాబ్దంలోనే ఈ నేల మీద రఠికులనే వారు ఒకరున్నారని, మౌర్య రాజు వారిని సామాన్య జనం నుంచి వేరుగా పేర్కొనాల్సి వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది. వాళ్లు ఉద్యోగులా, స్థానిక పెద్దలా అన్నది వేరే చర్చ. కానీ 'మహా' చేరిన రఠి బిరుదుతో తర్వాత నాణెం వేసినవాళ్లు శూన్యంలోంచి ఊడిపడలేదు. ఎర్రగుడి శాసనాన్ని, వీరాపురం నాణేలను ఒకే చర్చలో పెట్టి చూసినవారు చాలా తక్కువ. నానేఘాట్ ఎంత ముఖ్యమో సీమకు ఎర్రగుడి అంత ముఖ్యం.

వీరాపురం కథ బాధాకరమైనది, విలువైనది కూడా. శ్రీశైలం జలాశయంలో మునిగే ఊళ్లలో అదొకటి. ముంపుకు ముందు హైదరాబాదులోని బిర్లా పురావస్తు పరిశోధన సంస్థ తరఫున టి.వి.జి. శాస్త్రి, ఎం. కస్తూరిబాయి, జె. వరప్రసాదరావు అక్కడ తవ్వకాలు జరిపారు. 1984లో నివేదిక పుస్తకంగా వచ్చింది. కృష్ణా లోయలో జనావాసం ఎలా మారుతూ వచ్చిందో పొరపొరగా చూపించిన చోటు అది. నాణేల చర్చకు దాని విలువ ఏమిటంటే, అక్కడి మహారఠి నాణేలు అంగడిలో కొన్నవి కావు, ఎవరో దాచుకున్న సంచిలోంచి ఊరు పేరు లేకుండా వచ్చినవీ కావు. ఏ పొరలో, ఏ కుండ పెంకుల మధ్య, ఏ నాణేల పక్కన దొరికాయో రాసిపెట్టి ఉంది. ఇలాంటి ఆధారం చిత్రదుర్గం పాత సేకరణలకు లేదు. ఇప్పుడు ఆ దిబ్బ నీటి కింద ఉంది. మళ్లీ వెళ్లి తవ్వి సరిచూసుకునే వీలు లేదు కనుక, నివేదికలో ఉన్న ప్రతి పంక్తీ అసలు ఆధారంతో సమానం.

తుంగభద్ర ఒడ్డున శాతనికోట ఉంది. భారత పురావస్తు శాఖ 1977-80 మధ్య ఎన్.సి. ఘోష్ ఆధ్వర్యంలో అక్కడ తవ్వింది. కోటగోడ, కందకం ఉన్న తొలి చారిత్రక యుగపు ఊరు అది. ఊరి పేరులో శాతవాహనుల పేరు వినిపిస్తుందని అనుకోవడం ఇంపుగానే ఉంటుంది, కానీ దానిమీద ఏ వాదమూ కట్టలేం. కోట కట్టుకోగల స్థానిక అధికారం ఒకటి ఆ రోజుల్లో తుంగభద్ర గట్టున ఉందన్నదే దాన్నుంచి మనం తీసుకోగల సంగతి.

ఆదోని ప్రాంతంలో మ్యాకదోని, చిన్నకడబూరు మధ్య ఒక గుండు మీద శ్రీపులుమావి ఎనిమిదో ఏటి శాసనం ఉంది. శాతవాహని-హార అనే ప్రాంతంలో, మహాసేనాపతి ఖందనాగుడి జనపదంలో, గుల్మికుడు కుమారదత్తుడి వేపురక అనే ఊళ్లో సాంబుడనే గృహపతి చెరువు తవ్వించాడని అందులో ఉంది. ఈ శాసనాన్నీ, హీరహడగల్లి తామ్రపత్రాల్లోని 'సాతాహని రట్ఠ'నూ పట్టుకుని 1919లో వి.ఎస్. సుక్తంకర్ శాతవాహనుల పుట్టిల్లు బళ్లారి సీమే అన్నాడు. ఆ వాదం నిలవలేదు. కానీ శాసనం ఇంకో విషయంలో చాలా ముఖ్యం. రాజుకూ ఊరికీ మధ్య మహాసేనాపతి, గుల్మికుడు అనే రెండు మెట్లు ఉన్నట్టు అది చూపిస్తుంది. ఇక్కడ పనిచేసింది సైనిక బిరుదుల పాలన, సమానుల మధ్య చెలిమి కాదు. అలాగే అక్కడ మహారఠి పేరు లేదు. అతను ఆ కాలానికి లేకుండా పోయాడా, మరో చోట ఉన్నాడా, బిరుదు మార్చుకున్నాడా అన్నది తెరిచి ఉన్న ప్రశ్న.

నంద్యాల దగ్గరా, కడప జిల్లా అత్తిరాల దగ్గరా రోమన్ బంగారు నాణేలు దొరికిన సంగతిని కొందరు ఈ చర్చలోకి లాగుతారు. అవి దూర వ్యాపారానికి సాక్ష్యం. మహారఠి-శాతవాహన సంబంధం మీద అవి ఏ వెలుగూ వేయవు.

మూడు వాదాలు

మొదటిది సామంత వాదం. రాప్సన్‌తో మొదలై, 1941లో కె. గోపాలాచారి రాసిన ప్రాచీనాంధ్ర చరిత్రతో బలపడింది. శాతవాహన సామ్రాజ్యంలో మహారఠులు, మహాభోజులు, మహాసేనాపతులు అంతస్తుల వారీగా ఉన్న సామంతులు. పెద్దవాళ్లకు నాణెం వేసుకునే హక్కు ఇచ్చారు. వియ్యాలతో ఆ బంధాన్ని గట్టిపరిచారు అని దాని సారాంశం. కార్లే గుహ శాసనం దీనికి మంచి ఊతం. వాసిష్ఠీపుత్ర పులుమావి ఏడో ఏట మహారఠి సోమదేవుడు ఒక ఊరిని భిక్షువులకు దానమిచ్చాడు. దానం ఇచ్చింది తాను, కాలం లెక్కపెట్టింది మాత్రం రాజు ఏలుబడిని బట్టి. రాజుగారి సంవత్సరాన్ని వాడుకున్నవాడు రాజుకు లోబడినవాడే అనడం సబబే. కాని కార్లే మహారఠి నాణెం వేయలేదు, నాణెం వేసిన కలలాయ ఏ రాజు సంవత్సరాన్నీ చెప్పలేదు. ఇద్దరినీ ఒకే బిరుదు కింద కలిపి, ఒకరి లోబాటును మరొకరికి అంటగట్టడమే ఈ వాదంలోని బలహీనత.

రెండోది స్థానిక అధికారాల వాదం. 1970ల నుంచి తవ్వకాల్లో వచ్చిన నాణేలు దీనికి ప్రాణం పోశాయి. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాల దగ్గర గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే పేర్లున్న నాణేలు దొరికాయి. శాతవాహన వంశానికి బయటి పేర్లు అవి. వీటిని పి.వి. పరబ్రహ్మశాస్త్రి వెలుగులోకి తెచ్చాక తెలుగు నేల చరిత్రకు కొత్త తలుపు తెరుచుకుంది. శాతవాహనులకు ముందే ఇక్కడ చిన్న చిన్న రాజ్యాలున్నాయని, సామ్రాజ్యం వాటిమీదుగా పాకిందని చెప్పే వీలు కలిగింది. సుదర్శన్ సెనెవిరత్నె, అలోకా పరాశర్‌సేన్ వంటివారు ఈ స్థానికతను రాజ్య నిర్మాణ చర్చలో మధ్యకు తెచ్చారు. ఈ చూపులో వీరాపురం మహారఠి ఎవరి దయ మీదా నాణెం వేసినవాడు కాదు, తన ఊళ్లకు తానే పెద్ద. శాతవాహనులు తర్వాత వచ్చి అతనితో వియ్యమో, లొంగుబాటో కుదుర్చుకున్నారు.

ఈ వాదం నాకు ఎక్కువ నచ్చుతుంది, అయితే దానికి ఒక గండం ఉంది. అది శాతవాహనుల కాలనిర్ణయం. సిముకుణ్ణి క్రీ.పూ. మూడో శతాబ్దం చివర పెట్టినవాళ్లున్నారు, క్రీ.పూ. మొదటి శతాబ్దానికి దించినవాళ్లున్నారు. పురాణాల్లో ముప్పై మంది రాజుల లెక్కనూ, అంతకంటే తక్కువ లెక్కనూ ఎవరికి నచ్చినది వారు తీసుకున్నారు. సిముకుణ్ణి వందేళ్లు కిందికి దించితే మహారఠి 'ముందువాడు' అవుతాడు, పైకి జరిపితే 'సమకాలికుడు' అవుతాడు. నాణెం కదల్లేదు, దాని చుట్టూ ఉన్న సంవత్సరాలు కదిలాయి.

మూడోది చలామణీ వాదం. శైలేంద్ర భండారే 1999లో ముంబయి విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం దీనికి పునాది. ఒక రాజు నాణెం మీద మరో రాజు ముద్ర పడినచోట్ల ఎవరు ముందో ఎవరు వెనకో తేల్చుకుంటూ, ప్రాంతాల వారీగా వరుసలు కట్టాడు. శాతవాహనులు తమ ఏలుబడి అంతటా ఒకే నాణెం వేయలేదు. ఎక్కడికి వెళ్తే అక్కడ జనం ఎరిగిన లోహాన్ని, బరువును, బొమ్మను తీసుకుని వాటిమీద తమ పేరు వేశారు. ఒకచోట ఏనుగు, మరోచోట సింహం, ఇంకోచోట గుర్రం, తీరంలో ఓడ. ఇది ఒప్పుకుంటే బొమ్మలు కలవడం రాజకీయ బంధానికి గుర్తు కాదు, సంతలో చెల్లుబాటుకు గుర్తు. ఒక మహారఠి నాణెం, ఒక శాతవాహన నాణెం ఒకేలా ఉంటే, ఇద్దరూ ఒకే రైతు చేతిలో, ఒకే కోమటి అంగడిలో చెల్లాలనుకున్నారన్నమాట.

మూడు వాదాలనూ పక్కపక్కన పెడితే తేడా ఇలా కనిపిస్తుంది. సామంత వాదం బిరుదును నమ్ముతుంది, దొరికిన పొరను పట్టించుకోదు. స్థానిక వాదం పొరను నమ్ముతుంది, కానీ దానికి తగిన కాలనిర్ణయం ఇంకా కుదరలేదు. చలామణీ వాదం నాణెం మీది అచ్చును, బరువును, పైముద్రను నమ్ముతుంది, మనుషుల మధ్య సంబంధం గురించి తక్కువ మాట్లాడుతుంది. మొదటి రెండింటికీ మైత్రి ఒక జవాబు, మూడోదానికి అది చివర్లో, తప్పనిసరైతేనే తీయాల్సిన జవాబు.

ఒకే గుర్తు, ఎన్నో పెత్తనాలు

మైత్రి వాదానికి పెద్ద ఆసరా చిహ్నాలు. కూడలి గీతల నాలుగు కొసలకు నాలుగు గుండ్రాలున్న ఉజ్జయినీ చిహ్నం, వంపుల కొండ, కంచెలో చెట్టు, అలల గీత. ఇవి ఎవరి సొంతమూ కావు. వంపుల కొండ మౌర్యుల నాటి విద్ధాంక నాణేల మీదే ఉంది. ఉజ్జయినీ చిహ్నం మాళవం నుంచి తెలుగు నేల దాకా పరుచుకుంది. పశ్చిమ క్షత్రపుడు చష్టనుడి నాణేల మీద వంపుల కొండ కనిపించినప్పుడు, అతను శాతవాహనుల నేలను గెలుచుకున్నందుకు గుర్తుగా ఆ చిహ్నం వేసుకున్నాడని రాప్సన్ చదివాడు. అదే చిహ్నం మహారఠి నాణెం మీద కనిపిస్తే దాన్ని అనుబంధంగా చదివారు. క్షత్రపుడి చేతిలో గెలుపు, మహారఠి చేతిలో చుట్టరికం! చదివేవాడి ముందస్తు అభిప్రాయం తప్ప ఈ తేడాకు కారణం కనిపించదు.

జోగల్‌తెంబి ఈ విషయంలో ఒక పాఠశాల. నాసిక్ జిల్లాలోని ఆ ఊళ్లో 1906లో పదమూడు వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షత్రపుడు నహపాణుడివే. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. ఒకవైపు మూడు వంపుల కొండ, తన పేరు. రెండోవైపు ఉజ్జయినీ చిహ్నం. ఒక్కో నాణేన్ని దగ్గరగా చూస్తే కింద నహపాణుడి ముక్కు, గడ్డం, గ్రీకు అక్షరాల తునకలు ఇంకా తొంగిచూస్తూనే ఉంటాయి. శత్రువు ముఖాన్ని పూర్తిగా చెరిపేయాలనే పట్టుదల ముద్ర కొట్టినవాడికి లేదు. గెలుపు చాటడం ఒక ఉద్దేశం కావచ్చు. చేతిలో ఉన్న వెండిని కరిగించకుండా, కొత్త అధికారం కింద చెల్లేలా చేయడం అంతకంటే దగ్గరి అవసరం. నాసిక్ శాసనంలో నహపాణుడి క్షహరాత వంశాన్ని నిర్మూలించినవాడిగా గౌతమీపుత్రుడి కీర్తి ఉండబట్టి ఇక్కడ మనకు కథ తెలిసింది. ఆ శాసనం లేకపోతే ఇద్దరి ముద్రలూ ఒకే నాణెం మీద ఉన్నందుకు దీన్ని కూడా ఎవరో ఒకరు మైత్రి నాణెం అనేవారు.

శాసనం చెప్పే వియ్యాలు, నాణెం దాచే వియ్యాలు

నాణేల మీద మైత్రి పడుతుందా అన్నది పరీక్షించడానికి ఒక సూటి మార్గం ఉంది. మైత్రి నిజంగా ఉందని శాసనాల వల్ల తెలిసిన సందర్భాలను తీసుకుని, ఆ కాలపు నాణేల మీద దాని జాడ ఉందేమో చూడాలి.

మొదటిది శాతవాహన-క్షత్రప వియ్యం. కన్హేరి శాసనం వాసిష్ఠీపుత్ర శ్రీశాతకర్ణి రాణిని కార్దమక రాజవంశపు ఆడపడుచుగా, మహాక్షత్రపుడి కూతురిగా చెబుతుంది. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో మహాక్షత్రపుడు రుద్రదాముడు, దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా, దగ్గరి సంబంధం ఉన్నందున నిర్మూలించలేదని చెప్పుకున్నాడు. పెళ్లీ ఉంది, యుద్ధమూ ఉంది. వియ్యం యుద్ధాన్ని ఆపలేదు, ఓడినవాడి ప్రాణాన్ని మాత్రం కాపాడింది. ఇంత ముఖ్యమైన బంధానికి నాణెం మీద నేరుగా ఏ గుర్తూ లేదు. శాతవాహనులు క్షత్రపుల ధోరణిలో రాజు ముఖంతో వెండి నాణేలు వేసిన మాట నిజం. దాన్ని కొందరు ఈ వియ్యానికి ముడిపెట్టారు. కాని ఆ ధోరణి ఒక్క వాసిష్ఠీపుత్ర శాతకర్ణికే పరిమితం కాదు, పులుమావికీ యజ్ఞశ్రీకీ కూడా ఉంది. పడమటి ఓడరేవుల్లో జనానికి అలవాటైన వెండి నాణెం అదే కనుక దాన్నే కొనసాగించారు. అయితే ఇక్కడ నాణెం మరో మేలు చేసింది. రుద్రదాముడి అల్లుడు పులుమావే అని రాప్సన్ అనుకున్నాడు. తర్వాత వాసిష్ఠీపుత్ర శాతకర్ణి పేరుతోనే వెండి నాణేలు దొరకడంతో ఇద్దరూ వేర్వేరు రాజులని తేలింది. పెళ్లిని నాణెం చెప్పలేకపోయింది గానీ, పెళ్లికొడుకెవరో తేల్చడానికి పనికొచ్చింది.

రెండోది ఇక్ష్వాకులు. నాగార్జునకొండ శాసనాల్లో వియ్యాలు కోకొల్లలు. రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి పూకీయ వంశపు మహాతలవరుడి ఇల్లాలు. రాజు కూతురు అడవి చాతిసిరిని ధనక వంశపు మహాసేనాపతికి ఇచ్చారు. తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి ఉజ్జయిని నుంచి రుద్రధర భట్టారిక వచ్చింది. అతని కూతురు కోడబలిసిరి వనవాసి మహారాజు రాణి. ఇన్ని వైపులకు చేతులు చాచిన వంశం తన సీసపు నాణేల మీద వాటిలో ఒక్క బంధాన్నీ చూపలేదు.

ఈ రెండు పరీక్షలూ చెబుతున్నది ఒక్కటే. దక్కనులో మైత్రి నడిచింది పెళ్లిళ్ల మీదుగా, బిరుదుల మీదుగా, దానాల మీదుగా. దాన్ని రాయడానికి రాతిగోడ ఉంది, గుహ ఉంది, స్తంభం ఉంది. నాణెం మీద ఆ మాట రాసే అలవాటు ఇక్కడి వాళ్లకు లేదు. గ్రీకు నగరాలకు 'సిన్' అన్న మూడు అక్షరాలు వేయాలనిపించింది, శాతవాహన కాలపు రాజులకు అనిపించలేదు. అలాంటప్పుడు మహారఠి నాణెం మీద మాత్రం చెలిమి పడి ఉంటుందని ఎందుకు అనుకోవాలి?

సదుల ఉదాహరణ

కృష్ణా, గుంటూరు ప్రాంతపు సద రాజులను ఇక్కడ ఒక్కమాట తలచుకోవాలి. సిరిసద, మానసద, సివమకసద వంటి పేర్లున్న నాణేలు దొరికాయి. గుంటూరు జిల్లా వడ్డమానులో టి.వి.జి. శాస్త్రి బృందమే తవ్వి వీటికి గట్టి పునాది వేసింది. గుంటుపల్లి శాసనంలో సిరిసదుడు కళింగ-మహిషకాధిపతిగా, మహామేఘవాహనుడిగా కనిపిస్తాడు. ఆ బిరుదును బట్టి కళింగ రాజు ఖారవేలుడి వంశంతో సంబంధం చెప్పారు. ఆ సంబంధం రక్తానిదా, ఎత్తుకున్న బిరుదుదా అన్న తగవు ఉంది గానీ, తగవంతా శాసనం మీద నడుస్తోంది. నాణెం ఆ రాజులున్నారని, ఎక్కడ చెల్లారని చెప్పి ఊరుకుంది. మహారఠుల విషయంలోనూ నాణేన్ని అంతవరకే మాట్లాడనిస్తే బాగుండేది.

సీసం ఎక్కడిది?

ఇన్నాళ్లూ బొమ్మ, అక్షరాల మీదే కళ్లు పెట్టిన చర్చ లోహాన్ని మరిచిపోయింది. మహారఠి నాణెం సీసం. రోమన్ రచయిత ప్లినీ భారతదేశంలో సీసం లేదని, ముత్యాలు, రత్నాలు ఇచ్చి కొనుక్కుంటారని రాశాడు. పెరిప్లస్ గ్రంథంలో కూడా భృగుకచ్ఛానికి దిగుమతయ్యే సరుకుల్లో సీసం ఉంది. అయితే కడప జిల్లా జంగమరాజుపల్లె దగ్గర పాత సీసపు గనుల గుంతలున్నాయి. కోస్తా వైపు అగ్నిగుండాల ఉంది. ఓడల మీద వచ్చిన సీసంతో చేసిన నాణెమైతే, రేవుల మీద పట్టున్నవాడి దగ్గర్నుంచి లోహం రావాలి. కడప కొండల్లోంచి తీసిన సీసమైతే, మహారఠి ఎవరినీ అడగక్కర్లేదు.

ఒక మనిషి స్వతంత్రుడా, పరాధీనుడా అన్న ప్రశ్నకు ఇంత సూటిగా తగిలే ఆధారం చిహ్నాల్లో లేదు. సీసపు ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి ఏ గనిదో అంచనా కట్టే పద్ధతి ఇప్పుడుంది. దక్కను నాణేల మీద ఆ పని కొంత జరిగింది కూడా. అది వీరాపురం మహారఠి నాణేల మీదా, అదే దిబ్బలోని శాతవాహన నాణేల మీదా, జంగమరాజుపల్లె ఖనిజం మీదా ఒకే వరుసలో జరగాలి. మూడింటినీ పక్కన పెట్టి చూసిననాడు సామంత, స్థానిక వాదాల తగవులో సగం తీరిపోతుంది.

ఇంకా తేలనివి

మొదటిది, అచ్చుల పోలిక. ఒకే అచ్చుతో కొట్టిన నాణేలు ఏయే ఊళ్లలో తేలాయో చూసే పని గ్రీకు నాణేల్లో మామూలు సంగతి. చిత్రదుర్గం దగ్గరి చంద్రవల్లిలో 1947లో మార్టిమర్ వీలర్ తవ్వకాల్లో వచ్చిన నాణేలనూ, వీరాపురం నాణేలనూ అచ్చుల స్థాయిలో పోల్చాలి. రెండు చోట్లా ఒకే అచ్చు కనిపిస్తే రెండు ప్రాంతాల్లోనూ ఒకే మహారఠి చేయి ఆడిందని అనొచ్చు. కనిపించకపోతే మహారఠులనే వాళ్లు ఒక వంశం కాదు, ఒకే బిరుదు పెట్టుకున్న వేర్వేరు ఊళ్ల పెద్దలని ఒప్పుకోవాల్సి వస్తుంది. నా మొగ్గు రెండోదానివైపే.

రెండోది, రాప్సన్ వేరుచేసిన అనంతపురం, కడప గుర్రపు బొమ్మ నాణేలు. వీటిని నేరుగా శాతవాహనుల ఖాతాలో వేసేయడం అలవాటైపోయింది. అరిగిపోయిన అక్షరాలు, విరిగిన అంచులు, దొరికిన చోటు సరిగా తెలియని నాణేలు కావడంతో వాటిని మళ్లీ చదివే ఓపిక ఎవరికీ లేకపోయింది. సీమలో శాతవాహన అధికారం నిజంగా ఎంతవరకు దిగిందో చెప్పగలవి అవే.

మూడోది దొరికిన చోటు నమోదు. సీసం మెత్తటి లోహం. పొలంలో, వాగు ఒడ్డున వానకు తేలిన నాణెం పిల్లవాడి చేతికి చిక్కితే వల గుండు అవుతుంది, లేదంటే సేకరణ వ్యాపారి సంచిలోకి పోతుంది. వ్యాపారి దగ్గరికి చేరాక ఊరి పేరు మాయమవుతుంది, ధర మాత్రం మిగులుతుంది. ఊరి పేరు లేని మహారఠి నాణెం వెయ్యి దొరికినా, వీరాపురంలో పొర తెలిసి దొరికిన ఒక్క నాణేనికి సాటిరాదు. రెవెన్యూ అధికారుల ద్వారా నిధి చట్టం కింద వచ్చిన నాణేలను ఊరు, సర్వే నంబరు, పక్కన దొరికిన పెంకులతో సహా మ్యూజియం పట్టీల్లో రాయడం, ఆ పట్టీలను పరిశోధకులకు అందుబాటులో పెట్టడం ఈ చర్చకు ఏ కొత్త సిద్ధాంతంకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నాలుగోది, ఎర్రగుడి రఠికుల నుంచి వీరాపురం మహారఠుల దాకా ఉన్న విరామం. మధ్య కాలపు పొరలు ఇంకా తవ్వని దిబ్బలు తుంగభద్ర, హంద్రీ, కుందూ ఒడ్డుల్లో ఉన్నాయి. వాటిలో ఒక్కటి జాగ్రత్తగా తవ్వి, విద్ధాంక నాణేల మీది పొరలో మహారఠి నాణెం, దానిపైన శాతవాహన నాణెం వరుసగా కనిపిస్తే ముందువెనకల తగవు ముగుస్తుంది. వరుస తారుమారైతే సామంత వాదానికి మళ్లీ బలం వస్తుంది. అప్పటివరకు పాఠ్యపుస్తకాల్లో 'శాతవాహనుల మిత్రులైన మహారఠులు' అన్న మాటకు బదులు 'సొంత నాణెం వేసిన మహారఠులు' అని రాయడం ఆధారాలకు లోబడిన పద్ధతి.